బీపీ మిషన్ కొంటే చాలదు, చూసే పద్ధతి తెలియాలి

అనంతపురంలో మాది చిన్న మందుల షాపు. ‘బీపీతో గుండెకే కదా ఇబ్బంది, కిడ్నీకేం?’ అంటుంటారు. కిడ్నీ క్యాన్సర్ ముప్పు పెంచేవాటిలో పొగ తాగడం, అధిక బరువుతో పాటు బీపీ కూడా ఉంది. బీపీ ఉన్న అందరికీ వస్తుందని కాదు, టెన్షన్ పడొద్దు.

ఇంట్లో బీపీ చూసుకునే ముందు, టీ, బీడీ తాగి ఉంటే అరగంట ఆగండి. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. పట్టీని చొక్కా మీద కాదు, ఒట్టి చేతికే, మోచేతి మడతకు కాస్త పైన కట్టాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడొద్దు. మా ఆయనకు ఇదొక్కటే చేతకాదు! నిమిషం తేడాతో 2 సార్లు చూసి రెండూ రాయండి. పొద్దున మాత్రకు ముందు, సాయంత్రం మళ్లీ. వారం సగటు 135/85 దాటితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు. ఉగ్గాని, బజ్జీ, ఊరగాయల్లోదీ ఇందులో లెక్కే.

బీపీ మాత్రలు సొంతంగా ఆపొద్దు. ఇక కిడ్నీ సంగతి: మూత్రంలో రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఒక్కసారే పడి ఆగిపోయినా, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్కానింగ్ అవసరమా అని మీరే అడగండి.