పాలిస్టర్‌కు ఎంజైమ్ శుద్ధి – నాలుగో పాఠం: కుదుపు వాటా ఎంత?

సిరిసిల్ల సాంచాలపై (మరమగ్గాలపై) నేసిన పాలిస్టర్ గుడ్డను గత పాఠంలో సబ్బు, సోడాలతో ఉడికించి నూనెను, గంజిని పోగొట్టాము. ఈ పాఠంలో అదే గుడ్డను క్యూటినేజ్ (పాలిస్టర్ పైపొరలోని బంధాలను తెంచి, గుడ్డ నీటిని బాగా పీల్చేలా చేసే ఎంజైమ్) ద్రావణంలో ఉంచినప్పుడు, కదిలించడం వల్ల వచ్చే మార్పును ఎంజైమ్ వల్ల వచ్చే మార్పు నుంచి విడదీసి చూడడం నేర్చుకుందాం.

పాలిస్టర్ పోగులోకి నీరే సరిగా చొరబడదు. పత్తి తన బరువులో సుమారు 8 శాతం తేమను పట్టుకుంటే ఇది 0.4 శాతం మాత్రమే పట్టుకుంటుంది. నీటి అణువుకంటే ఎంతో పెద్దదైన ఎంజైమ్ అణువు పోగు లోపలికి వెళ్లలేక, పైపొరలోని ఎస్టర్ బంధాలను (పాలిస్టర్ అణుగొలుసులోని కొక్కేలను) మాత్రమే, అందులోనూ అణుగొలుసులు వదులుగా ఉన్న చోటనే తెంచుతుంది. ద్రావణం నిలకడగా ఉంటే పోగును అంటుకుని కదలని పలుచని నీటిపొర ఏర్పడుతుంది. కుదుపు ఆ పొరను పలుచన చేసి, మెలితిరిగిన నూలు సందుల్లోకి కొత్త ఎంజైమ్‌ను చేరవేసి, గొలుసు నుంచి తెగి వచ్చిన ముక్క అయిన టెరెఫ్తాలిక్ ఆమ్లాన్ని అక్కడి నుంచి తొలగిస్తుంది. అయితే పైపొరలో చోటంతా ఎంజైమ్‌తో నిండిపోయాక వేగం పెంచినా లాభం స్వల్పమే. పైగా నురగ పుడితే గాలి, నీరు కలిసే చోట ఎంజైమ్ అణువు విప్పుకుని పనిచేయడం మానేస్తుంది, రాపిడికి గుడ్డపై ఉండలు లేస్తాయి. అద్దకం యంత్రాన్ని గట్టిగా తిప్పితే చాలుననుకునేవారు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఒకే థాను నుంచి సమాన బరువు గల నాలుగు ముక్కలు కత్తిరించండి. రెండింటిని ఎంజైమ్ కలిపిన బఫర్‌లో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణంలో), రెండింటిని వట్టి బఫర్‌లో, మూతలున్న సీసాలలో వేసి, ప్రతి జతలో ఒకదాన్ని కదిలించండి, రెండోదాన్ని కదపకండి. ఉష్ణోగ్రత, పీహెచ్, సమయం, గుడ్డకూ ద్రావణానికీ ఉన్న నిష్పత్తి నాలుగింటికీ ఒకటే కావాలి. ఆ తరువాత అన్నిటినీ వేడి సోడా నీటిలో డిటర్జెంట్‌తో ఉతికి, మంచినీళ్లతో జాడించి ఆరబెట్టాలి. ఈ మెట్టు దాటవేస్తే గుడ్డకు అంటిన ఎంజైమ్ మాంసకృత్తే నీటిని పీల్చి మనల్ని మోసగిస్తుంది.

ఆరిన ముక్కపై 1 సెంటీమీటరు ఎత్తు నుంచి నీటిచుక్క వేసి, అది గుడ్డలోకి ఇంకి దాని మెరుపు మాయమయ్యే సమయాన్ని ఐదు చోట్ల కొలిచి సగటు తీయండి. వట్టి బఫర్‌లో నిలకడగా 60 సెకన్లు, కుదుపుతో 50, ఎంజైమ్‌తో నిలకడగా 40, కుదుపుతో 15 వచ్చాయనుకుందాం. కుదుపు ఒక్కటే తగ్గించినది 10 సెకన్లు. ఎంజైమ్ తోడైతే తగ్గించినది 25. తేడా అయిన 15 సెకన్లే ఆ రెండూ కలిసి చేసిన పని. బరువు తగ్గుదలను మాత్రం ఇక్కడ నమ్మవద్దు, ఎందుకంటే రాపిడికి రాలిన నూగు కూడా ఎంజైమ్ కరిగించిన పదార్థంలాగే లెక్కకు వస్తుంది.

నాలుగు ముక్కలనూ గుర్తులు వేసి దాచండి. వచ్చే పాఠంలో వాటికి మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు అద్ది, బంధాలు తెగిన చోట కొత్తగా పుట్టిన ఆమ్ల సమూహాలను రంగు గాఢతను బట్టి పోల్చుదాం.