బిల్ట్-ఇన్ మైక్రోవేవ్: ముందు ఓవెన్, తర్వాతే అల్మరా

మన వంటింటి గట్టు ఖాళీగా ఉండే పూట ఉండదు. రెండడుగుల లోతున్న గ్రానైట్ మీద స్టవ్, మిక్సీ, గ్రైండర్, పోపుల డబ్బా, నీళ్ల ఫిల్టర్ అన్నీ సర్దుకున్నాక మిగిలిన చోటులోనే కూరలు తరగాలి, చపాతీలు వత్తాలి. ఆ చోట 28 లీటర్ల మామూలు మైక్రోవేవ్ పెట్టారనుకోండి. దాని వెడల్పే సుమారు 50 సెం.మీ. గాలి ఆడటానికి పక్కల 10 సెం.మీ., పైన 20 సెం.మీ. ఖాళీ వదలమని చాలా మాన్యువళ్లు చెబుతాయి. అంటే 70 సెం.మీ. గట్టు దానికే రాసిచ్చేసినట్టు. అదే ఓవెన్‌ను అల్మరాలో ఇమిడిస్తే ఆ చోటంతా మళ్లీ చేతికొస్తుంది.

గట్టు మిగలడం కంటికి కనిపించే లాభం. అంతకన్నా విలువైనది ఇంకొకటుంది. మన వంటలో నూనె ఆవిరి ఎక్కువ. రోజూ పోపులు, వారానికోసారి వేపుళ్లు, పండగొస్తే మూకుడు నిండా గారెలు. స్టవ్ పక్కనున్న ఓవెన్ తన ఫ్యాన్‌తో ఆ జిడ్డుగాలినే లోపలికి లాక్కుంటుంది. జిడ్డు మీద దుమ్ము పేరుకుంటే లోపలి భాగాలకు చల్లదనం అందదు. ఇటు గ్రైండర్ కడిగిన నీళ్లు, పిండి చుక్కలు దాని అడుగుకు చేరి రేకు తుప్పు పడుతుంది. ఓవెన్ టాల్ యూనిట్‌లోకి, అంటే నేల నుంచి పైదాకా లేచే నిలువు అల్మరాలోకి వెళితే నూనె, నీళ్ల నుంచి ఒకేసారి దూరమవుతుంది. వేడి గిన్నెను ఏ ఎత్తు నుంచి దించాలన్నది కూడా మన చేతిలో ఉంటుంది. ఈ లాభాలన్నీ దక్కాలంటే ఒకటే షరతు: ఓవెన్ మోడల్ ఖాయం చేసుకున్నాకే అల్మరా చేయించాలి. అల్మరా అయిపోయాక దాంట్లో పట్టే ఓవెన్ కోసం తిరిగితే సగం లాభం అక్కడే పోతుంది.

అద్దె ఇంట్లో ఉంటే మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. పాలు, కూరలు వెచ్చబెట్టుకోవడం తప్ప వేరే పని లేనివాళ్లకు 20 లీటర్ల మామూలు సోలో (మైక్రోవేవ్ ఒక్కటే ఉన్న) మోడల్ చాలు, ఖర్చు చాలా తగ్గుతుంది.

ఏది ఎంచుకోవాలి

బిల్ట్-ఇన్ మోడళ్లు ఎత్తును బట్టి ప్రధానంగా రెండు రకాలు. 20–25 లీటర్లవాటికి సుమారు 380 మి.మీ. ఎత్తున్న గూడు కావాలి. ఇవి ఎక్కువగా సోలో లేదా గ్రిల్ మోడళ్లు. కన్వెక్షన్ (వేడిగాలితో కాల్చే సదుపాయం) కూడా ఉన్న 40–45 లీటర్ల కాంబి మోడళ్లకు 450 మి.మీ. ఎత్తు గూడు. వెడల్పు రెంటికీ 560–568 మి.మీ., లోతు కనీసం 550 మి.మీ. పైన వేలాడే అల్మరాలో పట్టేలా 300 మి.మీ. లోతుతో వచ్చే చిన్న మోడళ్లూ ఉన్నాయి. అయినా మీరు కొనే మోడల్ ఇన్‌స్టలేషన్ డ్రాయింగ్‌లో ఉన్న అంకెలే తుది మాట. కొన్ని మి.మీ. తేడా కూడా ఇక్కడ పెద్దదే.

కేకులు, బ్రెడ్, కాల్చిన కూరగాయలు నెలకు నాలుగైదు సార్లన్నా చేసే ఇంటికి కాంబి దండగ కాదు. విడిగా పెద్ద ఓవెన్ పెట్టాలనుకుంటే పైన 380 మి.మీ. మైక్రోవేవ్, కింద 600 మి.మీ. ఓవెన్ అమర్చుకోవడం మేలు. రెండింటి మధ్య విడి అర, విడి ప్లగ్, విడి గాలిదారి ఉండాలి.

లీటర్ల అంకె కన్నా ముందు తిరిగే పళ్లెం వ్యాసం చూడండి. 20 లీటర్లలో అది 245 మి.మీ. దగ్గర ఉంటుంది, 28 లీటర్లలో 315 దాకా. మీరు వాడే గాజు గిన్నెను పిడులతో సహా టేపుతో కొలిచి తీసుకెళ్లండి. పలకల గిన్నె మూల తగిలితే పళ్లెం ఆగిపోయి కూర ఒకవైపు ఉడుకుతుంది, ఇంకోవైపు చల్లగా ఉంటుంది. పళ్లెం లేని ఫ్లాట్‌బెడ్ మోడళ్లలో ఈ ఇబ్బంది లేదు, తుడవడమూ సులువే. మన దేశంలో అమ్మే మైక్రోవేవ్‌కు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వెనక రేటింగ్ ప్లేటు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూసుకోండి.

ఉన్న మామూలు ఓవెన్‌నే అల్మరాలో తోసి, చుట్టూ సన్‌మైకా ఫ్రేము కొట్టించడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు. మామూలు ఓవెన్ వేడిని పక్కల నుంచి, వెనక నుంచి, కొన్నిసార్లు పైనుంచి వదులుతుంది. చుట్టూ మూసేస్తే ఆ వేడికి దారి ఉండదు. కంపెనీయే ఆ మోడల్‌కు ట్రిమ్ కిట్ (ఓవెన్ చుట్టూ బిగించే ఫ్రేము) అమ్ముతుంటే దాంతో బిగించుకోవచ్చు. లేదంటే ముందుభాగం తెరిచి ఉన్న అర మీద, చుట్టూ చెప్పినంత ఖాళీ వదిలి పెట్టుకోవాలి.

కార్పెంటర్‌తో కూర్చున్నప్పుడు

టాల్ యూనిట్ బయటి వెడల్పు మామూలుగా 600 మి.మీ. రెండు పక్కలా 18 మి.మీ. ప్లైవుడ్ పోగా లోపల 564 మిగులుతుంది. ఓవెన్ హాయిగా కూర్చుంటుంది. అదే 19 మి.మీ. ప్లై వాడి, లోపలివైపు కూడా 1 మి.మీ. సన్‌మైకా అతికిస్తే మిగిలేది 560. జిగురు మందం, ప్లై వంపు కలిస్తే 558కి దిగిపోతుంది, ఓవెన్ దూరదు. అప్పుడు సైట్‌లోనే లోపలి సన్‌మైకా గీకేయడం, రంపంతో చెక్కడం మొదలవుతుంది. అందుకే బయటి కొలత కాదు, లోపలి పూర్తయిన కొలత ఎంత ఉండాలో కాగితం మీద రాసివ్వండి. గూడు పైన, మధ్యన, కింద మూడుచోట్లా కొలవాలి.

చెక్క విషయంలో బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకూ చెడనిది) లేదా కనీసం బీడబ్ల్యూఆర్ (నీళ్లను కొంతవరకు తట్టుకునేది) ప్లై వాడమనండి. బీడబ్ల్యూపీ మీద ఐఎస్ 710 ముద్ర ఉంటుంది. పార్టికిల్ బోర్డు ఆవిరి తగిలితే ఉబ్బి, ఓవెన్‌ను పట్టి ఉంచే స్క్రూలు వదులవుతాయి. ఎడ్జ్‌బ్యాండ్ (పలక అంచుకు అతికించే పట్టీ) ఊడి రావడం కూడా వేడి, ఆవిరి వల్లే. ఆ లక్షణం కనిపిస్తే గాలిదారి సరిగ్గా లేదని అర్థం.

గాలిదారి గురించే ఎక్కువ పట్టుబట్టాలి. కార్పెంటర్లు అలవాటు కొద్దీ గూడు వెనక 6 మి.మీ. ప్లై కొట్టి మూసేస్తారు, నీటుగా కనిపిస్తుందని. ఓవెన్ గూడుకు వెనక పలక ఉండకూడదు. ఓవెన్ కూర్చునే అర, దాని పైఅర రెండూ గోడకు 45–50 మి.మీ. ముందే ఆగిపోవాలి. అప్పుడు వెనకాల కింది నుంచి పైదాకా పొగగొట్టంలా ఒక సందు ఏర్పడుతుంది. చల్లగాలి అడుగునున్న స్కర్టింగ్ (నేల దగ్గరి పట్టీ) జాలీ నుంచి వచ్చి, వేడిగాలి యూనిట్ నెత్తి మీద నుంచి పోతుంది. నెత్తిన అటక ఉండి మూసుకుపోతే యూనిట్ పైఅంచు దగ్గర ముందువైపు జాలీ పెట్టించండి. ఆ సందును సామాను పెట్టుకునే చోటుగా మార్చొద్దు.

గాలి ఆడకపోతే ఏమవుతుంది? ఐదారు నిమిషాలు నడిచాక ఓవెన్ తనంతట తనే ఆగిపోతుంది, లేదా లైటు వెలిగి పళ్లెం తిరుగుతున్నా గిన్నె వేడెక్కదు. అరగంట ఆగితే మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. ఇది లోపలున్న థర్మల్ కటౌట్ (వేడి మించితే కరెంటు ఆపే స్విచ్) చేసే పని. ఓవెన్ చెడిపోయిందని కంప్లైంట్ ఇచ్చే ముందు వెనక సందు చూడండి.

ఎత్తు, తలుపు

ఇంట్లో వంట చేసేవాళ్లలో అందరికన్నా పొట్టివారిని నిలబెట్టి కొలవండి. పళ్లెం వాళ్ల భుజం కన్నా కిందే ఉండాలి. ఐదడుగుల మనిషికి మోచేయి నేల నుంచి సుమారు 95 సెం.మీ. దగ్గర ఉంటుంది. గూడు అడుగు 90–100 సెం.మీ. మధ్య పెడితే దాదాపు అందరికీ కుదురుతుంది. కంటికి ఎదురుగా డిస్‌ప్లే ఉంటే బాగుంటుందని ఇంకా పైకి ఎత్తుతారు. మరిగే సాంబారు గిన్నెను తలెత్తి దించాల్సి వచ్చినప్పుడు ఆ అందం మొహం మీదకొస్తుంది. ఈ ఒక్క విషయంలో డిజైనర్ మాట కన్నా మీ భుజం మాటే వినండి.

చాలా మోడళ్ల తలుపు ఎడమవైపు తెరుచుకుంటుంది. కాబట్టి దించిన గిన్నె పెట్టడానికి కుడివైపు ఒక్క అడుగు దూరంలో 40 సెం.మీ. గట్టన్నా ఉండాలి. ఎడమ పక్కన గోడో ఫ్రిజ్జో ఆనుకుని ఉంటే తలుపు పూర్తిగా తెరుచుకోదు. మధ్యన 50 మి.మీ. ఫిల్లర్ పట్టీ (సందు నింపే చెక్క) వేయిస్తే సరిపోతుంది. కాంబి మోడళ్లలో తలుపు కిందికి వాలుతుంది. మూడడుగుల నడవ ఉన్న వంటింట్లో అది దారికి అడ్డం. యూనిట్ స్టవ్‌ను ఆనుకుని ఉండకూడదు, మధ్యన కనీసం అడుగు గట్టు వదలాలి.

కరెంటు

ఓవెన్ మీద రాసే 900 వాట్లు ఆహారానికి అందే శక్తి. గోడ నుంచి లాగేది సుమారు 1400 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది 6 ఆంపియర్లు దాటుతుంది. అందుకే 6 ఆంపియర్ల సాకెట్ పనికిరాదు, 16 ఆంపియర్లదే కావాలి. 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, దానికే విడిగా ఒక 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తనే పడిపోయే స్విచ్), గట్టి ఎర్తింగ్. కాంబి మోడల్ 3000 వాట్లు లాగేదైతే 4 చదరపు మి.మీ. తీగ వేయించండి. ఫ్రిజ్, ఓవెన్ ఒకే లైను మీద వేసేసి పని ముగించడం ఎలక్ట్రీషియన్లకు మామూలే. ప్లగ్ వేడెక్కడం, పిన్నుల చుట్టూ గోధుమరంగు మచ్చ రావడం దాని గుర్తులు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు, ఇంటి ఇన్వర్టర్ మీదా నడపొద్దు.

సాకెట్ ఓవెన్ వెనకాల పెట్టించకండి. ప్లగ్ గోడ నుంచి 50–60 మి.మీ. ముందుకు పొడుచుకొస్తుంది, ఆ మేరకు ఓవెన్ గూట్లోంచి బయటికి తోసుకొస్తుంది. పక్క అల్మరాలోనో కింది అరలోనో పెట్టించి, వైరు దూరేలా 50 మి.మీ. కన్నం పెట్టించండి. స్విచ్ చేతికందే చోట ఉండాలి. సర్వీసు రోజున ఓవెన్ లాగకుండానే కరెంటు తీయగలగాలి.

బిగించే రోజు

అర మీద రసమట్టం పెట్టి చూడండి. అటూ ఇటూ వాలితే తలుపు తనంతట తెరుచుకుంటుంది, పళ్లెం గరగరలాడుతుంది. ఇద్దరు పట్టుకుని సగం దాకా తోశాక వైరును కన్నంలోంచి లాగి, తర్వాతే పూర్తిగా నెట్టాలి. వైరు ఓవెన్ కింద నలగకూడదు. తలుపు తెరిస్తే ఫ్రేములో కనిపించే కన్నాల్లోంచి పక్క పలకలకు స్క్రూలు బిగిస్తారు. స్క్రూ మరీ బిగిస్తే ఫ్రేము వంగి తలుపు సరిగ్గా పడదు. చుట్టూ సిలికాన్ పూయనివ్వకండి. అది గాలిని ఆపుతుంది, రేపు ఓవెన్ బయటికి తీయాలంటే సన్‌మైకాను ఊడబెరుకుతుంది.

తర్వాత చిన్న పరీక్ష. గాజు గిన్నెలో లీటరు నీళ్లు పోసి థర్మామీటరుతో వేడి చూసి, ఫుల్ పవర్‌లో 63 సెకన్లు నడపండి. కలిపి మళ్లీ చూడండి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 70తో గుణిస్తే ఓవెన్ అందిస్తున్న వాట్లు సుమారుగా తెలుస్తాయి. 13 డిగ్రీలు పెరిగితే 900 ఉన్నట్టు. బాగా తక్కువొస్తే ఆ సమయంలో వోల్టేజీ ఎంతుందో ముందు చూడండి. వోల్టేజీ పడిపోతే మైక్రోవేవ్ శక్తీ పడిపోతుంది. కన్వెక్షన్ ఉన్న మోడల్‌ను మొదటిసారి వాడే ముందు కన్వెక్షన్‌లో మాత్రమే, ఖాళీగా, 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు నడిపి ఫ్యాక్టరీ నూనె వాసన పోగొట్టాలి. కిటికీలు తెరిచి ఉంచండి. మైక్రోవేవ్ మోడ్‌లో మాత్రం ఖాళీగా ఎప్పుడూ నడపకూడదు.

వంట అయ్యాక కూడా ఫ్యాన్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. గోడ స్విచ్ వెంటనే ఆపేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. గూట్లో ఇమిడిన ఓవెన్‌కు ఆ ఫ్యానే ప్రాణం, అది ఆగాకే స్విచ్ తీయండి. లోపలి పక్కగోడ మీదుండే అట్టలాంటి మైకా రేకు మీద పప్పు చిందితే ఆ రోజే తడిగుడ్డతో తుడవాలి. ఎండిన మరక మాడి నిప్పురవ్వలు పుడతాయి. రేకు కాలి కన్నం పడితే కొత్తది వేయించేదాకా ఓవెన్ వాడొద్దు. బయటి రేకు డబ్బాను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాలు తీసేంత కరెంటు నిలవ ఉండొచ్చు.

ఇన్‌స్టలేషన్ డ్రాయింగ్‌నూ, గూడు చివరి కొలతలు రాసిన కాగితాన్నీ టాల్ యూనిట్ లోపలి తలుపుకే అతికించి ఉంచండి. ఓవెన్ మార్చాల్సిన రోజున షాపుకు తీసుకెళ్లాల్సింది అదే.