చిన్నపిల్లల చేతిలో ఫోన్: ఎంతసేపు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎలా ఆపాలి

ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఫోన్ గొడవ మొదలైతే అందరూ ముందు అడిగేది ఎన్ని నిమిషాలు ఇవ్వచ్చనే. ఆ లెక్క చెప్పడం సులువు. రెండేళ్లలోపు బిడ్డకు స్క్రీన్ అసలు వద్దని, ఊళ్లో ఉన్న అవ్వతోనో కువైట్‌లో ఉన్న నాయనతోనో అప్పుడప్పుడు వీడియో కాల్ మాట్లాడించడం వరకు పరవాలేదని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదు. ఐదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చిన సూచనల్లో కూడా గంటే గరిష్ఠం, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది. టీవీ, ఫోన్, ట్యాబ్ అన్నీ కలిపే ఈ లెక్క.

అయితే గంట అనుకున్నంత మాత్రాన ఇంట్లో ఏమీ మారదు. ప్రతి ఇంట్లోనూ ఫోన్ ఏదో ఒక పని చేస్తూ ఉంటుంది. బిడ్డకు అన్నం తినిపిస్తుంది, మధ్యాహ్నం కదలకుండా కూర్చోబెడుతుంది, అమ్మ వంట ముగించేదాకా ఏడుపు రాకుండా చూస్తుంది. ఆ పనికి వేరే మనిషినో, వేరే వస్తువునో పెట్టకుండా ఫోన్ లాక్కుంటే రెండు రోజులకే మళ్లీ బిడ్డ చేతికి చేరుతుంది. అందుకే మొదటి మూడు రోజులు ఏమీ మార్చకండి. ఫోన్ ఇచ్చిన ప్రతిసారీ ఎన్ని గంటలకు, ఎవరు, ఎందుకు, ఎంతసేపు ఇచ్చారో ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఎవరి మీదా కోప్పడొద్దు, కోప్పడితే రాయడం మానేస్తారు. మూడు రోజుల కాగితం చూస్తే చిక్కంతా రోజులో రెండు మూడు వేళల్లోనే ఉందని తేలుతుంది. వాటిని ఒకటి తర్వాత ఒకటి సరిచేయండి, అన్నీ ఒకేసారి వద్దు.

అన్నం దగ్గర

ముందు సరిచేయాల్సింది ఇదే. పాటలు చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిన సంగతి తెలియదు. నోట్లో పెట్టింది నమలదు, బుగ్గన పెట్టుకుని కూర్చుంటుంది. ముద్దకు ముద్దకు మధ్య ఐదు నిమిషాలు పోతాయి, గిన్నె ఖాళీ కావడానికి ముప్పావు గంట పడుతుంది. నాలుగు నెలలు ఇలా గడిస్తే ఫోన్ లేందే నోరు తెరవదు.

మాన్పించడానికి మొదట ఆకలి ఉండాలి. అన్నానికి రెండు మూడు గంటల ముందు నుంచి బిస్కెట్, పాలు, చిప్స్ ఏమీ పెట్టకండి, నీళ్లు మాత్రం ఇవ్వండి. ‘మా వాడు ఏమీ తినడు’ అనే ఇళ్లల్లో సగం ఆకలి ఈ పాల గ్లాసే చంపేస్తుంది. రోజులో ఒక్క పూటతో మొదలు పెట్టండి, అందరూ ఇంట్లో ఉండే పూటయితే మేలు. బిడ్డను పెద్దవాళ్లతో పాటు కింద కూర్చోబెట్టి, తన పళ్లెం తనకివ్వండి. రాగి సంగటి గోలీకాయంత ముద్దలు చేసి పప్పులో తడిపి పెడితే ఏడాదిన్నర బిడ్డ కూడా తీసుకుని తినగలదు. ఉగ్గాని అయితే మెత్తగా తడిపి, మిరపకాయలు, పచ్చిశెనగపప్పు ఏరేసి పెట్టండి. బట్టలు, నేల ఖరాబవుతాయి. కింద పాత చీర పరుచుకుంటే సరిపోతుంది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు చూసి, తినకపోతే పళ్లెం తీసేయండి. తిట్టొద్దు, వెనకాల పరిగెత్తొద్దు, మళ్లీ పూట దాకా చిరుతిండి ఇవ్వొద్దు. మొదటి రెండు మూడు రోజులు తక్కువే తింటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఆ కాస్త లోటుతో ప్రమాదం లేదు. బరువు తక్కువున్న బిడ్డయినా, జ్వరం నుంచి లేచిన బిడ్డయినా డాక్టరును అడిగిన తర్వాతే మొదలుపెట్టండి.

చెడేది ఎక్కడంటే, జేజికి మనసు ఒప్పదు. ‘బిడ్డ ఆకలితో పండుకుంటాడే’ అని తన ఫోన్ తీసి పాట పెడుతుంది. ఆమెను తప్పు పట్టకుండా, మొదలు పెట్టే ముందు రోజే కూర్చోబెట్టి ఏం చేయబోతున్నారో, ఎన్ని రోజులు పడుతుందో చెప్పండి. కథ చెప్పి తినిపించే పని ఆమెకే అప్పగించండి. ఆ పని ఆమె చేసినంత బాగా ఇంట్లో ఇంకెవరూ చేయలేరు.

ఎండాకాలం మధ్యాహ్నాలు

అనంతపురం, కర్నూలు, కడప ఏ ఊరైనా ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా పిల్లలను బయటికి పొమ్మనలేం. బడి ఉండదు, పెద్దలు పనులకు పోతారు. ఈ వేళ ఫోన్ పూర్తిగా ఆపుతామంటే ఏ ఇల్లూ నిలబడదు. కాబట్టి రోజుకున్న స్క్రీన్ గంటను ఇక్కడే వాడుకోండి, పొద్దున, రాత్రి పూర్తిగా మానేయండి.

వేళలు ఇలా కుదురుతాయి. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా బయట ఆట. ఒంటిగంటకు అన్నం, తర్వాత నిద్ర. స్క్రీన్ నిద్ర లేచిన తర్వాతే, నాలుగు నుంచి ఐదు మధ్యలో. నిద్రకు ముందు ఇస్తే నిద్ర పోరు, ఆపితే ఏడ్చి ఇల్లంతా లేపుతారు. ఐదుకు ముగిసేలా ఇస్తే ఇంకా లాభం ఉంది: ఆపగానే తలుపు తీసి బయటికి పోవచ్చు. ఆపిన తర్వాత ఏదో ఒక మంచి పని ఉన్నప్పుడు గొడవ సగానికి తగ్గుతుంది. ఏమీ లేని వేళ ఆపితే ఎంత మెత్తగా చెప్పినా ఏడుపే.

ఫోన్ కన్నా టీవీ నయం. దూరంగా ఉంటుంది, ఏం చూస్తున్నారో ఇంట్లో అందరికీ కనిపిస్తుంది, రిమోట్ పెద్దల చేతిలో ఉంటుంది. బిడ్డ ఒక్కటే మూలన కూర్చుని వేలితో పైకి తోసుకుంటూ పోయే చిన్న వీడియోలు అన్నిటికన్నా చెడ్డవి, ఎందుకంటే వాటికి ముగింపు లేదు. కథ ఉన్న అరగంట కార్టూన్‌కు ముగింపు ఉంటుంది, అక్కడ ఆపచ్చు.

మిగిలిన మధ్యాహ్నానికి చేతి పని కావాలి. కడప బండలో తాడిపత్రి బండలో పరిచిన ఇల్లయితే నేలే పెద్ద పలక. మూడేళ్ల పిల్లలకు గ్లాసుడు నీళ్లు, పాత పెయింట్ బ్రష్ ఇచ్చి బండ మీద గీయమనండి. ఆరిపోతుంది, మళ్లీ గీస్తారు, తుడిచే పని ఉండదు. ఆరేళ్లు దాటిన వాళ్లకు సుద్దముక్కతో పులి–మేక పటం గీసివ్వండి. మూడు పులులకు గులకరాళ్లు, పదిహేను మేకలకు చింతగింజలు చాలు. వామనగుంటలు ఆడితే ఎక్కాలు రాకముందే లెక్క వస్తుంది. ఐదేళ్లు దాటిన పిల్లలను పెద్దల పక్కన కూర్చోబెట్టి బుడ్డలు (వేరుశెనక్కాయలు) ఒలిపించచ్చు. నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం గింజలు, బుడ్డలు అందకూడదు, గొంతులో అడ్డం పడతాయి. టబ్‌లో నీళ్లు పెట్టి ఆడిస్తే రెండు అంగుళాల లోతు చాలు. చెయ్యి చాపితే అందేంత దూరంలో పెద్దమనిషి ఉండాలి, ఆట కాగానే నీళ్లు పారబోయాలి.

ఫోన్‌కు వేయాల్సిన తాళాలు

చాలా ఇళ్లల్లో బిడ్డకు వేరే ఫోన్ ఉండదు, నాయన ఫోనే ఇస్తారు. అందులో వాట్సాప్, బ్యాంకు, ఫోన్‌పే అన్నీ ఉంటాయి. అందుకని ఇచ్చే ముందు ఒక్క యాప్‌నే బిగించి ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో ‘పిన్’ అని కొడితే యాప్ పిన్నింగ్ వస్తుంది. దాన్ని ఆన్ చేసి, అన్‌పిన్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడగాలన్న గడిని కూడా ఆన్ చేయండి. ఈ రెండోది మరిచిపోతే పెట్టిన తాళం ఉత్తదే. తర్వాత కావాల్సిన యాప్ తెరిచి, రీసెంట్ యాప్స్‌లోకి పోయి, ఆ యాప్ బొమ్మ మీద నొక్కి ‘పిన్’ ఎంచుకోండి. ఐఫోన్‌లో ఇదే పని గైడెడ్ యాక్సెస్ చేస్తుంది, యాక్సెసిబిలిటీలో ఉంటుంది.

మామూలు యూట్యూబ్ ఇవ్వకండి, యూట్యూబ్ కిడ్స్ వేసుకోండి. అందులో రెండు పనులు చేయాలి. ఒకటి, మీరు ఎంచుకున్న చానెళ్లు, వీడియోలు మాత్రమే కనిపించేలా ‘అప్రూవ్డ్ కంటెంట్ ఓన్లీ’ పెట్టడం. అలా పెడితే వెతకడం ఆగిపోతుంది. పది పదిహేను వీడియోలు ఎంచిపెడితే చాలు, చిన్నపిల్లలు చూసిందే చూస్తారు. రెండోది టైమర్. కింద తాళం గుర్తు నొక్కి ఇరవయ్యో ముప్పయ్యో నిమిషాలు పెడితే, సమయం కాగానే యాప్ తనంతట తానే మూసుకుంటుంది. తాళం తీయడానికి అది ఒక ఎక్కం లెక్క అడుగుతుంది. రెండో తరగతి పిల్లలు దాన్ని తేలిగ్గా చెప్పేస్తారు, కాబట్టి దాని బదులు మీకు మాత్రమే తెలిసిన రహస్య నంబరు పెట్టుకోండి.

ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి సెట్టింగ్స్‌లోకి పోతే పేరెంటల్ కంట్రోల్స్ ఉంటాయి. పిన్ పెట్టి, 3+ లేదా 7+ వరకే అని ఎంచుకోండి. ముందే ఫోన్‌లో ఉన్న ఆటలను ఇది ఆపదు, వాటిని మీరే తీసేయాలి. కొనుగోళ్లకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా అక్కడే పెట్టండి. పిల్లలు యూపీఐ పిన్‌ను ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు, అంగడి దగ్గర మీరు నొక్కేటప్పుడు పక్కనుంచి చూస్తారు. నెలకోసారి మార్చండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు చెప్పండి. ‘డైమండ్స్ ఫ్రీ’ (డైమండ్స్ అంటే ఆటలో వస్తువులు కొనడానికి వాడేవి) అని లింకు పంపి ఎవరైనా మోసం చేసి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయండి.

బిడ్డకు వేరే ట్యాబ్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకోవచ్చు. రోజుకు ఇన్ని నిమిషాలని, రాత్రి ఇన్ని గంటలకు మూతపడాలని మీ ఫోన్ నుంచే పెడతారు, కొత్త యాప్ ఏది వేయాలన్నా మీ అనుమతి కావాలి. తాత ఫోన్‌లో ఇవేవీ లేకపోతే పిల్లలు నేరుగా తాత దగ్గరికే పోతారు. ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్నిటికీ తాళం వేయాలి.

వీడియో గేములు

ఐదేళ్లలోపు పిల్లలకు గేములు అవసరం లేదు. తర్వాత ఇవ్వాలనుకుంటే మూడు సంగతులు చూడండి: ఆట ఎక్కడో ఒకచోట ముగియాలి, కొత్తవాళ్లతో మాట్లాడే వీలుండకూడదు, నెట్ లేకుండా ఆడగలగాలి. చదరంగం, బొమ్మల ముక్కలు అతికించేవి, రంగులేసేవి ఇలాంటివి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇస్తే ప్రకటనలు చాలావరకు రావు, ప్రకటన మీద నొక్కి ఇంకో యాప్ దించుకునే గొడవా ఉండదు. రోజూ తెరిస్తేనే బహుమతి అనే ఆటలను ఒప్పుకోకండి, ఆ బహుమతి పిల్లలను రోజూ రప్పించడానికే పెట్టింది.

కాల్పుల ఆటల గురించి ఒక అపోహ ఉంది. పబ్‌జీని 2020లో, ఫ్రీ ఫైర్‌ను 2022లో ప్రభుత్వం నిషేధించింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పిల్లలకు తగినవే అనుకుంటారు. ఆ నిషేధాలు దేశ భద్రత, సమాచార భద్రత కారణాలతో పెట్టినవి, పిల్లల వయసు చూసి కాదు. బీజీఎంఐ (పబ్‌జీకి మన దేశపు రూపం), ఫ్రీ ఫైర్ మాక్స్ ఇప్పుడూ దొరుకుతున్నాయి, రెండూ ఎనిమిదేళ్లలోపు పిల్లలకు తగవు. డబ్బు పందెం కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం నిషేధించింది కానీ, ఆటలో డైమండ్స్ కొనడం ఆ నిషేధంలోకి రాదు. అన్న ఆడుతుంటే ఒళ్లో కూర్చుని తమ్ముడు చూసే ఇళ్లుంటాయి, చూడటమూ ఆడటం కిందే లెక్క.

పెద్దపిల్లలు ఇలాంటివి ఆడే ఇంట్లో నిమిషాలతో కాకుండా ఆటలతో లెక్క పెట్టండి. ఒక్కో మ్యాచ్ పది నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో లాక్కుంటే జట్టులో మిగతావాళ్ల ముందు పరువు పోతుందని పెద్ద గొడవ చేస్తారు. ‘ఇంకో ఒక్కటి’ అన్న బేరం మ్యాచ్ మొదలయ్యే ముందే తేలిపోవాలి.

ఆపేటప్పుడు

మూడేళ్ల బిడ్డకు ‘ఇంకా ఐదు నిమిషాలే’ అంటే అర్థం కాదు. ‘ఈ పాట అయిపోతే ఆపేద్దాం’ అనండి. పాట కాగానే తన వేలితోనే ఆపించండి, ఆ వెంటనే చేతిలో ఇంకో వస్తువు పెట్టండి. కొత్తగా కట్టడి మొదలైన మూడు నాలుగు రోజులు ఏడుపు పెరుగుతుంది. ఇరవై నిమిషాలు ఏడ్చాక ఇచ్చేస్తే, ఇరవై నిమిషాలు ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటుంది. ఇవ్వక తప్పదనుకుంటే ఏడుపు మొదలుకాక ముందే ఇచ్చేయండి. ‘హోంవర్క్ చేస్తే ఫోన్’ అని బహుమతిగా మాత్రం పెట్టొద్దు, దాని విలువ ఇంకా పెరుగుతుంది.

హోంవర్క్ వాట్సాప్‌లో వస్తుంటే పెద్దవాళ్లు దాన్ని పుస్తకంలో ఎక్కించి ఫోన్ పక్కన పెట్టేయాలి. పడుకునే ముందు గంటసేపు ఏ స్క్రీనూ వద్దు, ఫోన్ల చార్జింగ్ పడకగదిలో కాకుండా వంటింట్లోనో వసారాలోనో పెట్టండి. మూడు నాలుగేళ్ల బిడ్డకు పగటి నిద్రతో కలిపి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. బస్సులో ఫోన్ చూస్తే కొందరికి తలతిప్పి వాంతులవుతాయి, కిటికీ పక్కన కూర్చోబెట్టి ముందుకు చూడమనడమే మందు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి

ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మ దా’, ‘పాలు కావాల’ లాంటి రెండు మాటలు కలపకపోయినా, పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా ఫోన్ వల్లనేనని మీరే తేల్చుకుని కూర్చోకండి. ముందు చెవి పరీక్ష జరగాలి. జిల్లా పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించి, ఎదుగుదల లోపాలను చూసే డీఈఐసీ ఎక్కడుందో అడగండి. బడి బోర్డు కనపడక కళ్లు చికిలిస్తుంటే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. ఏడెనిమిదేళ్ల బిడ్డ ఫోన్ అడిగితే ఇవ్వనప్పుడు తనను తాను కొట్టుకోవడం, వస్తువులు పగలగొట్టడం వారాల తరబడి సాగితే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఆసుపత్రికి పోయేటప్పుడు టీకాల కార్డు, ఫోన్ వేళలు రాసిన కాగితం, బిడ్డ ఇంట్లో మామూలుగా ఆడుకుంటూ మాట్లాడుతున్న రెండు నిమిషాల వీడియో తీసుకెళ్లండి. కొత్త చోట బిడ్డ నోరు విప్పకపోయినా డాక్టరుకు దాన్ని బట్టి చాలా తెలుస్తుంది.