ఫోన్లకు యాప్ పంపడం, నాలుగో పాఠం: లెక్కలో లేని ఫోన్లు

పోయిన పాఠంలో ఫోన్లను ఎండీఎంలో (కంపెనీ ఫోన్లన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపించే వ్యవస్థ) చేర్చుకొని, గ్రూపులు కట్టి, ఒక యాప్‌ను 'తప్పనిసరి' అని కేటాయించాం. పంపింది చేరలేదని ఫిర్యాదులు మొదలైతే ఎక్కడ చెయ్యి పెట్టాలో ఈసారి చూద్దాం. కన్సోల్, అంటే ఇవన్నీ అడ్మిన్ చూసుకునే చోటు, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఇంట్యూన్ అనుకోండి. ఫోన్లన్నీ ఆండ్రాయిడ్, యాప్ మేనేజ్డ్ గూగుల్ ప్లే (కంపెనీల కోసం ఉన్న ప్లే స్టోర్) మీదుగా వెళ్తోంది. వేరే ఎండీఎం వాడేవాళ్లకు మెనూల పేర్లు మారతాయి గానీ వెతికే వరుస ఇదే.

అనంతపురంలో ఆఫీసు పెట్టుకొని డ్రిప్ పైపులు అమ్మే ఒక కంపెనీని ఊహించుకుందాం. రాయదుర్గం, ఉరవకొండ, తాడిపత్రి, ధర్మవరం, కదిరి వైపు తిరిగే ఫీల్డు స్టాఫ్ దగ్గర 120 ఫోన్లున్నాయి. ఆర్డర్లు రాసుకునే యాప్ కొత్త వెర్షన్‌ను సోమవారం పొద్దున వదిలారు. మరుసటి రోజు నుంచి "అన్నా, పక్కాయనకు వచ్చిండాది, నాకే రాలే" అని ఒకటే కాల్స్. కన్సోల్ తెరిస్తే ఇన్‌స్టాల్ అయినవి 84, ఫెయిలైనవి 9, పెండింగ్ 11.

కూడి చూడండి, 104 వస్తుంది. మిగతా 16 ఏమైనట్టు?

ఎర్రగా కనిపిస్తున్నాయి కదా అని అందరూ ముందు ఆ 9 మీద పడతారు. నన్నడిగితే ఈ 16తోనే మొదలుపెట్టాలి. ఫెయిలైన ఫోన్ కనీసం ఎర్రర్ చూపిస్తుంది. వీటి గురించి కన్సోల్ నోరు మెదపదు. దాని లెక్కలో వీటికి ఈ యాప్ పంపమని ఎవరూ చెప్పలేదు మరి. ఈ స్థితిలో ఫోన్ రీస్టార్ట్ చేయించడం, సింక్ నొక్కించడం వృథా ప్రయాస.

యాప్ పేజీ మూసేసి ట్రబుల్‌షూట్ పేజీలోకి వెళ్లండి. ఆ 16 మందిలో ఒకరి పేరు ఎంచుకుంటే, ఆయన ఖాతా ఏ గ్రూపుల్లో ఉందో, ఏ యాప్‌లు కేటాయించారో కనిపిస్తుంది. కదిరి ఉద్యోగి అనుకుందాం. జాబితాలో 'అనంతపురం ఫీల్డ్' గ్రూప్ లేదు. అది డైనమిక్ గ్రూప్, అంటే ఒక రూల్ ప్రకారం సభ్యుల్ని తనంతట తానే ఎంచుకునేది. ఇక్కడి రూల్ ప్రకారం ఖాతాలో జిల్లా గడిలో అనంతపురం అని ఉన్నవాళ్లే దాంట్లో ఉంటారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ధర్మవరం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. హెచ్‌ఆర్ వాళ్లు ఇన్నాళ్లకు తీరిక చేసుకొని రికార్డులు సరిచేశారు. వాళ్లు చేసింది సరైన పనే. కానీ ఆ రాత్రే 16 మంది గ్రూపులోంచి జారిపోయారు, ఎండీఎంలో ఎవరూ వేలు పెట్టకుండానే.

కర్నూలు వాళ్లకు నంద్యాలతో ఇదే గొడవ. కడపకైతే ఇంకో తిరకాసు కూడా ఉంది. ఊరి ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది కాబట్టి పాత రికార్డుల్లో 'సీ'తో, కొత్తవాటిలో 'కే'తో ఉండొచ్చు. రూల్ అక్షరాలనే పోలుస్తుంది, ఊరిని కాదు.

16 పేర్లను చేత్తో వేరే గ్రూపులో చేర్చేసి చేతులు దులుపుకోకండి, వచ్చే నెల కొత్తగా చేరేవాడికీ ఇదే గతి పడుతుంది. రూల్‌నే మార్చండి. జిల్లా పేరు బదులు కంపెనీ సొంత ఏరియా కోడ్ పెట్టుకుంటే ప్రభుత్వం ఎన్ని జిల్లాలు చేసినా బెంగ ఉండదు. మార్చాక సభ్యుల లెక్క తేలడానికి కొంత సమయం పడుతుంది, వెంటనే కంగారు పడి మళ్లీ మార్చొద్దు.

గ్రూప్ సరిగ్గానే ఉన్నా యాప్ రాకపోతే మినహాయింపు జాబితా చూడండి. ఒకే మనిషి చేర్చిన గ్రూపులోనూ, మినహాయించిన గ్రూపులోనూ ఉంటే మినహాయింపుదే పైచేయి. గోడౌన్‌లో అందరూ వాడే కియోస్క్ ఫోన్‌కు యూజరే ఉండడు కాబట్టి దానికి డివైస్ గ్రూప్ ద్వారానే కేటాయించాలి.

ఇక పెండింగ్ 11. ముందు ఫోన్ చివరిసారి చెక్-ఇన్ (ఎండీఎం సర్వర్‌ను పలకరించడం) ఎప్పుడైందో చూడండి. మామూలుగా సుమారు 8 గంటలకోసారి అవుతుంది. రెండు రోజులుగా లేదంటే ఫోన్ ఆఫ్‌లో ఉందో, నెట్ లేదో. గోడౌన్ వైఫై మీదున్న ఫోన్లే ఆగితే ఫైర్‌వాల్‌ను, అంటే నెట్‌వర్క్‌లో రాకపోకలను అడ్డుకునే కాపలాను, అనుమానించండి. ఫోన్‌ను తట్టిలేపే గూగుల్ పుష్ సందేశాలు 5228 నుంచి 5230 వరకు పోర్టుల్లో (నెట్‌వర్క్‌లో నంబర్లున్న దారులు) వస్తాయి, అవి మూసి ఉంటే అందవు. వైఫై ఆపి మొబైల్ డేటాతో సింక్ నొక్కితే టకటకా కదిలిందంటే దొంగ దొరికినట్టే.

చెక్-ఇన్ బాగానే ఉండి, పాత వెర్షన్ మాత్రం కదలకపోతే సంగతి వేరు. ప్లే స్టోర్ మామూలుగా అప్‌డేట్ చేయాలంటే ఫోన్ వైఫైలో ఉండాలి, ఛార్జింగ్‌లో ఉండాలి, ఎవరూ వాడుతూ ఉండకూడదు. మన ఫీల్డు మనిషి పగలంతా బండి మీద మొబైల్ డేటాతో తిరుగుతాడు. రాత్రి ఛార్జింగ్ పెడతాడు గానీ ఇంట్లో వైఫై ఉండదు. మూడూ ఒకేసారి కలిసే ఘడియ ఆయన జీవితంలో రాదు. యాప్ కేటాయింపులో అప్‌డేట్ ప్రాధాన్యాన్ని 'హై'కి మార్చండి. మొబైల్ డేటా ఖర్చవుతుంది, రైతు ముందు ఆర్డర్ రాస్తుండగా యాప్ మూసుకుపోవచ్చు కూడా. అందుకే ఈ సెట్టింగును ఈ ఒక్క యాప్‌కే పరిమితం చేయండి. 'ఇన్‌స్టాల్డ్' అని చూపే 84లోనూ నాలుగైదు ఫోన్లలో వెర్షన్ నంబరు చూడండి. కొన్ని పాతదాన్నే పట్టుకొని ఉండొచ్చు.

ఫెయిలైన 9లో స్టోరేజీ నిండినవి, ఆండ్రాయిడ్ మరీ పాతదైనవి తేలిగ్గా తెలిసిపోతాయి. మొండిది సంతకం తేడా. ఎప్పుడో డెవలపర్ హడావుడిలో ఏపీకేను (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) వాట్సాప్‌లో పంపి ఉంటాడు. ప్యాకేజీ పేరు, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను గుర్తుపట్టే పేరు, అదే. దాని మీద డిజిటల్ సంతకం చేసిన కీ వేరు. అలాంటి దాని మీద కొత్త వెర్షన్‌ను ఆండ్రాయిడ్ ససేమిరా ఎక్కనివ్వదు. పాతది తీసేయాల్సిందే. తీసేసే ముందు, సర్వర్‌కు ఎక్కని ఆర్డర్లు ఫోన్‌లో ఏమైనా మిగిలాయేమో ఆ ఉద్యోగినే యాప్ తెరిచి చూడమనండి. అన్‌ఇన్‌స్టాల్‌తో పాటు అవీ పోతాయి.

అభ్యాసం: మీ కన్సోల్‌లో ఏదైనా ఒక తప్పనిసరి యాప్ తీసుకొని, స్టేటస్ అంకెలన్నీ కూడి, మీ దగ్గరున్న మొత్తం ఫోన్ల సంఖ్యతో పోల్చండి. తేడా ఉంటే అందులో ఒక్క ఫోన్‌ను పట్టుకొని, అది ఏ రూల్ దగ్గర తప్పిపోయిందో రాసిపెట్టుకోండి. ఐదో పాఠంలో ఆ రూల్స్‌నే తిరగరాస్తాం.