కార్ఖానల బీడీలు అప్పజెప్పేటప్పుడు

కొత్తగ బీడీలు చేసుడు మొదలువెట్టిన చెల్లెండ్లకు నాకు తెలిసింది చెప్తున్న. మాది నిజామాబాద్ దిక్కు.

తునికాకును తడిగుడ్డల చుట్టిపెట్టుండ్రి, ఎండితే కత్తెర వెట్టంగనే పలుగుతది. కట్టకు 25, వెయ్యికి 40 కట్టలు. ఇంటికాడనే రెండుసార్లు లెక్కవెట్టుకోండ్రి, టేకేదారు (మనకాడ బీడీలు లెక్కవెట్టి తీసుకునెటోడు) చెయ్యి మస్తు జోరు.

అసలు లొల్లి తీసేసిన బీడీలకాడ. "మూతి సక్కగ లేదు" అని పక్కకేస్తడు. వాటికి కూలి రాదు, బీడీలేమో ఆయనకాడనే ఉంటయ్! నేను ఏడాదిపొద్దు నోరు మూసుకున్న. ఒక్కలే అడగకుండ్రి, నలుగురు గలిసి పోయి "తీసేసినయి లెక్కవెట్టి మా ముంగటనే విరువు" అనుండ్రి. మేం అట్ల పట్టువట్టి కూసున్ననాడు చాయ్ గూడ ఆడనే తాగినం, నవ్వులే నవ్వులు.

ఇచ్చిన ఆకు, తంబాకు, అప్పజెప్పిన బీడీలు అదే రోజు బుక్కుల రాయించుకోండ్రి. పీఎఫ్‌ల పేరు, ఆధార్‌ల పేరు ఒక్కతీరుగ ఉన్నదా సూసుకోండ్రి. నాది ఒక్క అక్షరం తప్పువడి ఎన్నిమాట్ల తిరిగిన్నో. తెలంగాణల బీడీ పింఛన్‌కు పీఎఫ్ ఉండాలె.

సంఘం మీటింగుకు పోతే చాట గూడ వట్టుకపోండ్రి. మాటలు ఇనుకుంట రెండు కట్టలైనా అయితయ్.