స్లాబ్ రోజుకు మనుషుల్ని, సామాన్లని ఎలా సర్దుకోవాలి?

మా ఇంటి స్లాబ్ రోజు పొద్దున్నే కాంక్రీటు కలిపే మిల్లర్ వచ్చింది, కూలీలు వచ్చారు, కంకర కుప్ప పోసి ఉంది. ఎలక్ట్రీషియన్ మాత్రం రాలేదు. పైపులు వేయకుండా కాంక్రీటు పోయలేం కదా! పదకొండింటి దాకా అందరూ వేపచెట్టు కింద కూర్చున్నారు. కూలి పూర్తిగానే ఇచ్చాం. ప్రాజెక్టుల్లో రిసోర్సులంటే ఏమిటో నాకు అర్థమైంది ఆ రోజే.

ముందు, ఎవరి పని అయ్యేదాకా ఎవరు ఆగాలో ఒక కాగితం మీద రాయండి. సెంట్రింగ్, అంటే స్లాబ్ కింద చెక్కలు, రేకులతో కట్టే ఆధారం, అయితేనే చువ్వలు కట్టేవాళ్లకు పని. ఆ తర్వాత కరెంటు పైపులు. ఇంజినీరు చూసి సరేనన్నాకే కాంక్రీటు. ప్రతి పని పక్కన మనిషి పేరు, ఫోన్ నంబరు, తేదీ ఉండాలి. అతనికి ఇంకెన్ని సైట్లు ఉన్నాయో మొహమాటపడకుండా అడగండి. ఆ తేదీన అమావాస్య పడిందేమో కూడా చూసుకోండి, చాలా చోట్ల ఆ రోజు పనికి రారు. ముందు రోజు సాయంత్రం అందరికీ మళ్లీ ఫోన్ చేయండి.

తర్వాత సామాను లెక్క. 1000 చదరపు అడుగుల స్లాబ్ 5 అంగుళాల మందం వేస్తే దాదాపు 11.8 ఘనపు మీటర్ల కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున సుమారు 95 బస్తాల సిమెంటు. బీములకు అదనం. ఇది మీ అంచనాకే, ఆర్డరు ఇంజినీరు లెక్క ప్రకారం ఇవ్వండి.

ఇసుక, కంకర ముందే దించుకోవచ్చు. సిమెంటు మాత్రం చివర్లో తెప్పించండి. చవగ్గా వస్తోందని నెలల ముందు కొంటే డబ్బు ఇరుక్కుపోతుంది, బస్తాలూ గడ్డకడతాయి. చెక్కల మీద, గోడకు ఎడంగా, 10 వరుసలు మించకుండా పేర్చండి.

కాంక్రీటు మధ్యలో ఆగితే అతుకు పడుతుంది. అందుకని కాంక్రీటును కుదించే వైబ్రేటర్ ఇంకొకటి, మిల్లర్‌కి డీజిల్, డ్రమ్ముల్లో నీళ్లు సిద్ధంగా ఉండాలి. కూలి డబ్బులు ముందు రోజే తెచ్చుకోండి.

స్లాబ్ పడ్డాక కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటైతే 10 రోజులు తడి ఆరకూడదు. ఆ నీళ్లు పట్టే మనిషి పేరు కూడా కాగితం మీద ఉండాలి. మా కాగితంలో ఆ గడి ఖాళీగా వదిలేశాం. పది రోజులూ తెల్లవారుజామున పైపు పట్టుకుని మేడెక్కింది నేనే.