మంగళాజోడి పక్షుల దగ్గరికి ఎలా వెళ్లాలి?

ఒడిశాలో చిలికా సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అనే ఊరుంది. ఒకప్పుడు ఇక్కడ చాలామంది వలస పక్షుల్ని వేటాడి అమ్ముకునేవారు. 2000 ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లకు నచ్చజెప్పింది. వేట మానేసినవాళ్లే పక్షుల రక్షణకు సమితి పెట్టుకున్నారు. పక్షి ఎక్కడ వాలుతుందో, ఏ అలికిడికి లేస్తుందో వేటగాడికంటే ఎవరికి బాగా తెలుసు? ఆ తెలివితోనే ఇప్పుడు గైడ్లుగా బతుకుతున్నారు. ఆ సంపాదన ఆగకూడదంటే మనం వెళ్లే పద్ధతి కూడా సరిగ్గా ఉండాలి.

1. డిసెంబరు, జనవరి నెలలు ఎంచుకోండి. సంక్రాంతి సెలవులకు వెళ్తే ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకోండి.

2. భువనేశ్వర్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కారులో వెళ్లేవారు 16వ నంబరు జాతీయ రహదారిపై ఇచ్ఛాపురం, బరంపురం, బాలుగావ్ దాటి టాంగి దగ్గర లోపలికి తిరగాలి. ముందురోజు సాయంత్రానికే చేరి ఊళ్లోనే బస చేయండి. తెల్లవారకముందే పడవ ఎక్కొచ్చు, మీ గది అద్దె, భోజనం డబ్బులు కూడా ఆ ఊరికే అందుతాయి.

3. గది బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో అడగండి: పడవ నడిపేది, గైడుగా వచ్చేది ఊరివాళ్లేనా? వాళ్లకు ఎంత ముడుతుంది? సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరిని వెతుక్కోండి. పడవ దగ్గర మాత్రం బేరమాడకండి.

4. ఇక్కడ గెడతో తోసే పడవలోనే వెళ్లండి. మోటారు మోత లేకపోతే జమ్ము గడ్డి మధ్య సన్నటి నీటిదారుల్లో పక్షులకు చాలా దగ్గరగా వెళ్లొచ్చు. మట్టిరంగు బట్టలు, 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే) బైనాక్యులర్, నీళ్ల సీసా ఉంటే చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మన కావ్యాల్లో చదివే జక్కవల జంట ఉంది చూశారూ, ఆ నారింజ రంగు బాతుల్ని ఇక్కడ కళ్లారా చూడొచ్చు. సూదితోక బాతులు, పొడవాటి ముక్కుతో బురద గుచ్చి వెతికే గాడ్‌విట్లు కూడా గుంపులుగా కనిపిస్తాయి.

5. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఫొటో కోసం పక్షుల్ని లేపమని గైడుని అడగకండి. మధ్య ఆసియా, సైబీరియాల నుంచి వచ్చిన ఈ పక్షులు తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఇక్కడి మేతతోనే కూడబెట్టుకోవాలి. ఊరికే లేపిన ప్రతిసారీ మేత పోతుంది, ఒంట్లో బలమూ ఖర్చవుతుంది. ఇంకాస్త డబ్బిస్తాం, దగ్గరికి పోనివ్వు అంటే కాదనడం పడవవాడికి కష్టం. అతన్ని ఆ ఇబ్బందిలో పెట్టడం అన్యాయం. పడవ కదలకముందే మీరే చెప్పండి: "దూరంగానే ఆపు భాయ్, అవి తల ఎత్తి చూస్తే వెనక్కి పోదాం." ఈ మాట విన్న గైడు ముఖంలో టెన్షన్ పోతుంది. ఇక తనకు తెలిసినవన్నీ చెప్పడం మొదలుపెడతాడు. హిందీ వస్తే చాలు, మాట కలుస్తుంది.

6. ఒడ్డుకు వచ్చాక గైడుతో కూర్చుని ఏ పక్షి ఎన్ని కనిపించాయో రాసుకోండి. ఆ జాబితాని పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో తేదీతో సహా పెడితే పరిశోధకులకు పనికొస్తుంది. పేరు తెలియని పక్షి దగ్గర గైడు చెప్పిన ఒడియా పేరు మీ పుస్తకంలో రాసి పెట్టుకోండి, ఇంటికొచ్చాక ఫొటోతో సరిచూసుకోవచ్చు.